విరిగిన దవడ పన్ను: రూట్ కెనాలా, పీకించి ఇంప్లాంటా?

గాజువాక కుర్రోడు:
ఆదివారం ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు కొరుకుతుంటే నాన్న కింది దవడ పన్ను సగం విరిగి చేతిలోకొచ్చింది. పిప్పి ఎప్పటినుంచో ఉంది, చెప్పలేదంతే. ఆయనకి 58 ఏళ్లు, షుగర్. ఎంవీపీ కాలనీలో చూపిస్తే రూట్ కెనాల్ చేసి (పన్ను లోపలి పాడైన నరం తీసి, శుభ్రం చేసి నింపడం) పైన క్యాప్, అంటే తొడుగు, వేద్దామన్నారు. గాజువాకలో ఇంకొకాయన పీకేసి ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి దాని మీద కొత్త పన్ను) పెట్టించుకోమన్నారు. ఇంట్లో రెండు పార్టీలైపోయాం. మీరేమంటారు?

సీతమ్మధార అక్క:
పీకించెయ్ తమ్ముడూ. నేను రూట్ కెనాల్ చేయించుకున్నా. నొప్పి పోయింది కదా అని క్యాప్ వాయిదా వేశా. ఏడాది తిరక్కుండానే పప్పుచెక్క కొరికితే పన్ను నిలువునా చీలింది. చివరికి పీకించడమే.

క్యాపుల మేస్త్రి:
అక్కా, అది రూట్ కెనాల్ తప్పు కాదు, వేయించుకోని క్యాప్‌ది. నేను డాక్టర్ని కాను, ల్యాబ్‌లో క్యాపులు చేస్తాను. పుచ్చు తీసి, వేరు దాకా దారి చేశాక పన్ను గోడలు పలచబడతాయి. నమిలే బరువేమో దవడ పళ్ల మీదే. మా దగ్గరికొచ్చే పళ్ల అచ్చుల్లో నేను ముందు చూసేది ఒకటే: చిగురు పైన చుట్టూరా రెండు మిల్లీమీటర్ల గోడ మిగిలిందా అని. ఉంటే బండి చక్రానికి ఇనుప పట్టా బిగిసినట్టు క్యాప్ బిగుస్తుంది. లేకపోతే ఖరీదైన జిర్కోనియా క్యాప్ అయినా ఊడొస్తుంది. తమ్ముడూ, ముందు ఆ సంగతి అడుగు.

మద్దిలపాలెం మాస్టారు:
పన్ను పీకిన ఖాళీలో పక్క పళ్ల ఆసరాతో కట్టుడు పన్ను పెట్టే బ్రిడ్జి మాట ఎవరూ ఎత్తరేం? ఇంప్లాంట్ కంటే చవక, త్వరగా అయిపోతుంది.

క్యాపుల మేస్త్రి:
మాస్టారూ, దానికి అటూ ఇటూ ఉన్న పళ్లు అరగదీయాలి. అవి ముందే ఫిల్లింగులతో ఉంటే సరే. మంచి పళ్లని అరగదీయడమంటే నాకే మనసొప్పదు, నా పని దాంట్లోనే ఉన్నా.

స్టీల్ ప్లాంట్ రిటైర్డ్:
నాకు ఇంప్లాంట్ ఉంది, జంతికలు కూడా నములుతున్నా. 1965 నుంచి మనుషులకి పెడుతున్నదే, భయం లేదు. కానీ టైటానియం స్క్రూ ఎముకతో అతుక్కునేదాకా నాలుగు నెలలు ఆగాను. అంతకుముందు షుగర్ అదుపులోకి వచ్చేవరకు డాక్టరు అసలు మొదలుపెట్టలేదు. మీ నాన్నగారి మూడు నెలల సగటు షుగర్ (HbA1c) ఎంతుందో రాయలేదు బాబూ.

గాజువాక కుర్రోడు:
షుగర్ 9 దాటింది అంకుల్, అందుకే ఇంప్లాంట్ ఇప్పట్లో లేదు. మేస్త్రిగారూ, అడిగా. నాలుక వైపు గోడ బాగుంది, బుగ్గ వైపు చిగురు కిందికి విరిగింది. చిగురు కొంచెం తగ్గించి చూస్తారట. వేరు చీలకపోతే క్యాప్, చీలితే పీకడమే. మంగళవారం రమ్మన్నారు. అమ్మ మాత్రం ఇంకా అక్క పార్టీయే.