డయాలసిస్ పేషెంటుకి హెర్నియా ఆపరేషన్: ముందూ వెనకా ఏం చూసుకోవాలి?

గాజువాక స్టాఫ్ నర్స్:
నమస్తే అండి. 62 ఏళ్ల పెద్దాయన, సోమ, బుధ, శుక్ర డయాలసిస్. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ధమనినీ సిరనీ కలిపి చేసిన జోడింపు). గురువారం పొద్దున హెర్నియా ఆపరేషన్. బుధవారం డయాలసిస్ అయిపోతే సరిపోతుందా? సెలైన్లు, నొప్పి ఇంజెక్షన్ల సంగతేంటి?

మత్తు డాక్టర్, మహారాణిపేట:
బుధవారం సరైన రోజేనమ్మా. హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లేకుండా, లేదంటే బాగా తగ్గించి చేయమని డయాలసిస్ యూనిట్‌కి ముందే చెప్పండి. నీరు మరీ లాగేయకూడదు. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) కంటే కిందికి దిగిన మనిషికి స్పైనల్ (వెన్నులో మత్తు) ఇవ్వగానే బీపీ పడిపోతుంది, దాంతో ఫిస్టులాలో రక్తం గడ్డకట్టొచ్చు. డయాలసిస్ అవగానే చేసిన పొటాషియం రక్తపరీక్షని నమ్మకండి. కణాల్లోది కొన్ని గంటల్లో మళ్లీ రక్తంలోకి వస్తుంది. పరీక్షకి రక్తం గురువారం పొద్దున్నే తీయండి. పొటాషియం లీటరుకి 5.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే ఇలాంటి ఆపరేషన్ వాయిదా వేయడమే మంచిది.

ఆర్‌ఎల్‌లో (రింగర్ లాక్టేట్ సెలైన్‌లో) పొటాషియం ఉందని భయపడి నార్మల్ సెలైన్ ఎక్కించేస్తుంటారు. ఆర్‌ఎల్‌లో ఉన్నది లీటరుకి 4 మిల్లీ ఈక్వివలెంట్లే. నార్మల్ సెలైన్ ఎక్కువైతే రక్తంలో ఆమ్లం పెరిగి, కణాల్లోని పొటాషియం బయటికొస్తుంది. ఏది ఎక్కించినా కొలిచి, కొద్దిగానే.

నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వద్దు. కడుపులో రక్తస్రావం భయం ఒకటి, కాస్తోకూస్తో వస్తున్న యూరిన్ కూడా ఆగిపోవడం ఇంకొకటి. పారాసెటమాల్, నరానికి బ్లాక్ (ఆ చోటు మొద్దుబారేలా ఇంజెక్షన్), తప్పకపోతే ఫెంటనిల్ అనే గట్టి నొప్పి మందు. మార్ఫిన్, పెథిడిన్ విరిగాక మిగిలేవి ఒంట్లోనే పేరుకుపోతాయి: మొదటిదానితో ఊపిరి మందగిస్తుంది, రెండోదానితో ఫిట్స్ రావచ్చు.

డయాలసిస్ టెక్నీషియన్, ఎంవీపీ కాలనీ:
ఎడమ చేతికి బీపీ కట్టొద్దు, సూది గుచ్చొద్దు, ఆపరేషన్ బల్ల మీద నొక్కుకుపోకుండా చూడండి. ఆపరేషన్ అయి బయటికి తేగానే ఫిస్టులా మీద వేళ్లు పెట్టండి, జుమ్మని తగలాలి. తగలకపోతే తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే డాక్టరుగారికి చెప్పండి. కుడి చేతికి కూడా క్యాన్యులా మణికట్టు దగ్గర కాదు, అరచేతి వెనక వెయ్యండి. మున్ముందు ఇంకో ఫిస్టులా చేయాల్సొస్తే మణికట్టు దగ్గరి ఆ రక్తనాళమే కావాలి.

ఇంకోటి, కొబ్బరిబోండాలు. మన ఊళ్లో ఆస్పత్రి బయట బండి ఉండనే ఉంటుంది, చూడ్డానికొచ్చిన చుట్టాలు ప్రేమగా పట్టుకొస్తారు. ఒక్క బోండాంలో 500 మిల్లీగ్రాముల పొటాషియం ఉండొచ్చు. ఇంట్లోవాళ్లకి ముందురోజే చెప్పెయ్యండి.

గాజువాక స్టాఫ్ నర్స్:
షుగరుకి రాత్రి ఇన్సులిన్ వేసుకుంటారండి. శుక్రవారం డయాలసిస్ మామూలుగానే చేయొచ్చా?

మత్తు డాక్టర్, మహారాణిపేట:
కిడ్నీ పనిచేయకపోతే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. పైగా పస్తు. బుధవారం రాత్రి డోసు తగ్గించి రాయించుకోండి, తెల్లవారుజామున ఒకసారి గ్లూకోమీటర్ పెట్టండి.

డయాలసిస్ టెక్నీషియన్, ఎంవీపీ కాలనీ:
బీపీ నిలకడగా ఉంటే శుక్రవారం చేయొచ్చు, హెపారిన్ లేకుండానే. మెషిన్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా మధ్యమధ్యలో సెలైన్‌తో ఫ్లష్ చేస్తాం. ఆ ఫ్లష్ సెలైన్‌ని కూడా తీయాల్సిన నీటి లెక్కలో కలపమని గుర్తుచేయండి.