మణికట్టులో తెగిన నరం పెరుగుతుందట, వెన్నుపాము ఎందుకు పెరగదు?

కోనసీమ_కుర్రాడు:
మా తమ్ముడికి మూడు నెలల కిందట కిటికీ అద్దం పగిలి కుడి మణికట్టు లోపలివైపు లోతుగా కోసుకుపోయింది. మీడియన్ నరం పూర్తిగా తెగిందని అదే రోజు మైక్రోస్కోపు పెట్టి కుట్టారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఇప్పటికీ మొద్దుబారే ఉన్నాయి, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా ఎడమ చెయ్యే గతి. మొదట్లో కుట్టు మీద వేలితో తడితే కరెంటు కొట్టినట్టు వేళ్లలోకి జివ్వుమనేది. ఇప్పుడు అక్కడ పెద్దగా లేదు, అరచేతి మధ్యలో తడితే వస్తోంది. ఇది మంచికా చెడుకా? చూపించుకోవడానికి వెళ్తే "నరం పెరుగుతోంది, ఓపిక పట్టండి" అని ఒక్క మాట చెప్పి పంపేశారు.

ఇంకో సంగతి. మా బావ తాటిచెట్టు మీంచి పడి వెన్నుపూస విరిగి, నడుము కింద చచ్చుబడి మంచాన ఉన్నాడు. ఆయనకేమో వెన్నుపాము ఇక అతుక్కోదన్నారు. రెండూ నరాలే కదా? అమ్మ రోజూ అడుగుతోంది, నాకు చెప్పడం రావట్లేదు.

ఫిజియాలజీ_పంతులు:
మంచికేనండి, టెన్షన్ పడకండి. ఆ జివ్వుమనే చోటు కిందికి జరగడమే మీకు కావాల్సింది. 1915లో ఫ్రాన్స్‌లో జూల్స్ టినెల్ అనే డాక్టరు యుద్ధంలో గాయపడిన సైనికుల్లో దీన్ని గమనించి రాశాడు, ఇప్పటికీ టినెల్ గుర్తు అనే అంటారు. కొత్తగా పెరుగుతున్న నరపు పోగుల కొసలు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ తడితే అలా అనిపిస్తుంది.

లోపల జరుగుతున్నది ఇదీ. స్పర్శ తెచ్చే న్యూరాన్ల (నరకణాల) అసలు కణం, అంటే మూల భాగం, మణికట్టులో ఉండదు, మెడ దగ్గర వెన్నుపాము పక్కన చిన్న ముడుల్లో ఉంటుంది. కండరాన్ని కదిలించే న్యూరాన్లవి వెన్నుపాము లోపలే ఉంటాయి. అక్కడి నుంచి వేలి కొస దాకా సాగిన సన్నని పోగే ఆక్సాన్. అద్దం తెగ్గోసింది దాన్ని, కణాన్ని కాదు. తెగిన చోటికి కింద మిగిలిన ముక్క కొద్దిరోజుల్లో ముక్కలై పోతుంది, అగస్టస్ వాలర్ 1850లోనే కప్ప నాలుక నరాలు కోసి ఇది చూపించాడు. అయితే ఆ ఆక్సాన్‌కి మైలిన్ అనే కొవ్వు పొర చుట్టిన ష్వాన్ కణాలు చావవు. మాక్రోఫేజ్‌లతో (చెత్తను మింగేసే రక్షణ కణాలతో) కలిసి పాత చెత్తంతా ఊడ్చేసి, సంఖ్య పెంచుకుని, పాత ఆక్సాన్ ఉన్న గొట్టం లోపలే వరసగా నిలబడి, పెరుగుదలకు కావాల్సిన ప్రోటీన్లు విడుదల చేస్తాయి. పైనుంచి వచ్చే కొత్త కొస, పందిరి దొరికిన బీరతీగలా, వాటిని పట్టుకుని పాకుతుంది. రోజుకి సుమారు 1 మిల్లీమీటరు. మొదటి కొన్ని వారాలు కుట్టు దాటడానికే పోతాయి. మణికట్టు నుంచి వేలి కొసకి 17, 18 సెంటీమీటర్లు వేసుకోండి, మూడు నెలలకి అరచేతి మధ్యలో ఉందంటే లెక్క సరిగ్గానే ఉంది.

ఇంకొకటి. లండన్ న్యూరాలజిస్టు హెన్రీ హెడ్ 1903లో తన ముంజేతి నరాన్నే కావాలని కోయించుకుని, కుట్టించుకుని, స్పర్శ ఎలా తిరిగొస్తుందో స్నేహితుడు రివర్స్‌తో కలిసి ఏళ్ల తరబడి పరీక్షించాడు. నొప్పి, వేడి, చల్లదనం ముందు వచ్చాయి, దూదితో తాకిన సంగతి తెలిసేంత సన్నని స్పర్శ చాలా ఆలస్యంగా వచ్చింది. మీ తమ్ముడికీ ముందు సూదుల్లాంటి పోట్లు రావచ్చు, చెడిపోయిందనుకోకండి.

చేతి_ఫిజియో:
పంతులుగారు చెప్పింది నిజమే, ఇంట్లో చూసుకోవాల్సినవి నేను చెబుతా. మొద్దుబారిన వేళ్లతో వేడి టీ గ్లాసు, పెనం అస్సలు పట్టుకోనివ్వకండి, కాలినా తెలియదు, బొబ్బలొచ్చాక చూసుకుంటారు. బొటనవేలి మొదట్లో కండ పలచబడుతుంది, కీళ్లు బిగుసుకుపోకుండా రోజూ రెండో చేత్తో కదపాలి, స్ప్లింట్ (చేతిని సరైన తీరులో నిలిపే పట్టీ) ఇచ్చి ఉంటే మానొద్దు. నరం రాకుండా ఏడాది, ఏడాదిన్నర దాటితే కండ ఎండిపోతుంది, తర్వాత నరం వచ్చినా అందుకోలేదు. అందుకే ఆ జివ్వుమనే చోటు నెలలు గడిచినా ఒక్కచోటే ఆగిపోతే వెంటనే సర్జన్‌కి చూపించండి.

స్పర్శ వచ్చాక ఒక విచిత్రం ఉంటుంది. చూపుడువేలు తాకితే నడిమివేలు తాకినట్టు అనిపించొచ్చు, ఎందుకంటే కొన్ని ఆక్సాన్లు పక్క గొట్టంలోకి వెళ్లిపోతాయి. కళ్లు మూసుకుని బియ్యం, దూది, రూపాయి బిళ్ల తడిమి గుర్తుపట్టే అభ్యాసం రోజూ చేయిస్తే మెదడే నేర్చుకుంటుంది. చిన్నవయసు వాళ్లు త్వరగా నేర్చుకుంటారు.

కోనసీమ_కుర్రాడు:
చాలా ధైర్యం వచ్చిందండీ. మరి బావ సంగతి? ఒకచోట స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్ వేస్తే నడుస్తాడని చెప్పారు, అక్క గొలుసు అమ్ముదామంటోంది.

ఫిజియాలజీ_పంతులు:
అమ్మనివ్వకండి, దయచేసి ఆపండి. వెన్నుపాములో ష్వాన్ కణాలు ఉండవు, అక్కడ మైలిన్ చుట్టేది ఒలిగోడెండ్రోసైట్. ఇది ఒక్కటే చాలా ఆక్సాన్లకి చేతులు చాచి చుడుతుంది. దెబ్బ తగిలాక పందిరి వెయ్యదు సరికదా, దాని మైలిన్ చెత్త చాలా కాలం అక్కడే ఉండిపోతుంది, అందులో నోగో లాంటి ప్రోటీన్లు పెరుగుదలని ఆపేస్తాయి. పక్కనున్న ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు గాయం చుట్టూ మచ్చ కడతాయి. గాయం వల్ల వచ్చే వాపు మిగతా భాగానికి పాకకుండా ఆ మచ్చ కాపాడుతుంది కూడా.

కానీ ఆ న్యూరాన్లకి పెరిగే శక్తి బొత్తిగా లేక కాదు. 1981లో కెనడాలో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుకల కాలి నరం ముక్క తీసి, ఒక కొస మెదడు కాండంలో, ఇంకో కొస వెన్నుపాములో కుట్టారు. లోపలి న్యూరాన్ల ఆక్సాన్లు ఆ నరం ముక్కలో సెంటీమీటర్ల కొద్దీ పెరిగాయి, దాటి వెన్నుపాములోకి దిగగానే కొద్ది దూరంలోనే ఆగిపోయాయి. అమ్మగారికి చెప్పాల్సింది ఇదే: న్యూరాన్ ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న కణాలే వేరు.

దీన్ని దాటించే పరిశోధనలు నడుస్తున్నాయి, వెన్నుపాముని తిరిగి పెంచుతుందని రుజువైన వైద్యం మాత్రం ఇంకా లేదు. మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వాటికి స్టెమ్ సెల్స్ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే (మనుషుల మీద చేసే పరీక్షలోనే) వాడాలి, ట్రయల్‌లో ఉన్నవాళ్ల దగ్గర అందుకు డబ్బు తీసుకోకూడదు. గొలుసు అమ్మమన్నారంటేనే అర్థం చేసుకోండి.

చేతి_ఫిజియో:
బావగారిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నారా? పిరుదుల దగ్గర, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడండి. మూత్రం ఎలా వెళ్తోంది, గొట్టం పెట్టారా? కాళ్లలో ఎక్కడైనా కొంచెం స్పర్శ గానీ, వేలి కదలిక గానీ ఉంటే అది కూడా రాయండి, కొన్ని పోగులు మిగిలి ఉంటే చేయాల్సిన వ్యాయామాలు వేరేగా ఉంటాయి.