టేబుల్ సృష్టించే హక్కును ముందే తనిఖీ చేయాలా, నేరుగా ప్రయత్నించి చూడాలా?

కృష్ణాతీరం:
మా ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు ఫైళ్లన్నీ కాపీ చేసి, సెట్టింగులు మార్చిన తరువాత, యూజర్‌కు టేబుల్ సృష్టించే హక్కు లేదంటూ ఆగిపోతోంది. కస్టమర్లలో కొందరు ఒరాకిల్, మరికొందరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడతారు. హక్కును మొదటే తనిఖీ చేయాలని నేనంటుంటే, అది వృథా శ్రమని మా సహోద్యోగి వాదన.

పాత డీబీఏ:
తనిఖీ తప్పనిసరి. పోస్ట్‌గ్రెస్‌లో హ్యాజ్_స్కీమా_ప్రివిలేజ్ ఫంక్షన్‌కు స్కీమా (డేటాబేస్‌లో టేబుళ్లను గుంపుగా ఉంచే విభాగం) పేరు, క్రియేట్ అనే మాట ఇస్తే సమాధానం వస్తుంది. డేటాబేస్ స్థాయి క్రియేట్ హక్కును చూసి తృప్తిపడేవారు చాలామంది ఉన్నారు. అది కొత్త స్కీమాలు సృష్టించడం వంటివాటికే తప్ప, ఉన్న స్కీమాలో టేబుళ్లు సృష్టించడానికి పనికిరాదు. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి ముందే ఉండే పబ్లిక్ స్కీమాలో అందరికీ ఉండే టేబుల్ సృష్టించే హక్కును తీసివేశారు. అయితే పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసిన డేటాబేస్‌లో పాత అనుమతులే కొనసాగుతాయి కనుక, వెర్షన్ సంఖ్యను బట్టి ఊహించకూడదు.

నిశాచరి:
పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, టేబుల్ సృష్టించి, రోల్‌బ్యాక్ చేస్తే (చేసినదంతా వెనక్కి తీసుకుంటే) టేబుల్ మిగలదు, జవాబూ తేలిపోతుంది. ఒరాకిల్‌లోనైతే మీ తనిఖీయే తప్పుదోవ పట్టిస్తుంది. హక్కు రోల్ (హక్కుల కట్ట) ద్వారా వచ్చినప్పుడు, సెషన్‌కు ఉన్న హక్కులను చూపే సెషన్_ప్రివ్స్‌లో కనిపిస్తుంది గానీ, యజమాని హక్కులతో నడిచే స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే భద్రపరచిన ప్రోగ్రామ్) లోపల రోల్స్ పనిచేయవు కాబట్టి, అక్కడ అదే ఆజ్ఞ హక్కులు చాలవనే ఓఆర్ఏ-01031 ఎర్రర్‌తో విఫలమవుతుంది.

పాత డీబీఏ:
ప్రొసీజర్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఒరాకిల్‌లో క్రియేట్ టేబుల్ దానంతటదే కమిట్ చేస్తుంది, అంటే వెనక్కి తీసుకోలేకుండా ఖరారు చేస్తుంది. అంతకుముందు పెండింగ్‌లో ఉన్న మార్పులు కూడా దానితోపాటే స్థిరపడిపోతాయి. పైగా టేబుల్ ఏర్పడినంత మాత్రాన పని అయినట్టు కాదు. 11.2 నుంచి స్థలం కేటాయింపు మొదటి వరుస చేర్చేదాకా వాయిదా పడవచ్చు గనుక, టేబుల్‌స్పేస్‌లో (డేటా నిల్వ ఉండే స్థలంలో) కోటా, అంటే వాడుకునే పరిమితి, లేని యూజర్‌కు కూడా టేబుల్ నిక్షేపంగా ఏర్పడి, వరుస చేర్చే ఇన్‌సర్ట్ దగ్గర ఓఆర్ఏ-01950 ఎర్రర్ వస్తుంది. కోటా కోసం యూజర్_టీఎస్_కోటాస్ అనే జాబితా చూడాలి. అన్‌లిమిటెడ్ టేబుల్‌స్పేస్ హక్కు ఉన్నవారికి అందులో వరుస ఉండకపోవచ్చు కాబట్టి, సెషన్_ప్రివ్స్‌లో దానినీ వెతకాలి.

నిశాచరి:
అంటే ప్రయత్నంలో ఒక వరుస కూడా చేర్చి చూడాలన్నమాట. నా పద్ధతికి అది సవరణే గానీ ఖండన కాదు. తనిఖీకీ అసలు పనికీ మధ్య ఎవరైనా హక్కును రద్దు చేయవచ్చు. కనుక ఎర్రర్‌ను పట్టుకునే కోడ్ మీరు ఎలాగూ రాయాలి.

కృష్ణాతీరం:
ఎర్రర్ కోడ్ రాస్తాను, తనిఖీనీ ఉంచుతాను. ఏ గ్రాంట్ (ఇవ్వాల్సిన హక్కు) లోపించిందో ముందే తెలిస్తే కస్టమర్ డీబీఏకు (డేటాబేస్ నిర్వాహకుడికి) ఒక్క వాక్యంలో చెప్పగలం. మా ప్రొసీజర్ల కోసం క్రియేట్ టేబుల్ హక్కును రోల్ ద్వారా కాక అప్లికేషన్ యూజర్‌కే నేరుగా ఇవ్వమంటే ఒప్పుకుంటారా?

పాత డీబీఏ:
నేనైతే ఒప్పుకోను. ఇన్‌స్టలేషన్‌కు స్కీమా యజమానిగా వేరే యూజర్‌ను పెట్టి, ఆ హక్కును, కోటాను అతనికే అడగండి. రోజువారీ అప్లికేషన్ యూజర్‌కు టేబుల్ సృష్టించే హక్కు ఎందుకు కావాలో నాకు ఇంతవరకు ఎవరూ ఒప్పించేలా చెప్పలేదు.