పీఎస్ఏ ఉండగా ఈ "ఆక్సిడేటివ్ స్ట్రెస్" రక్త పరీక్షలు అవసరమా?

రిటైర్డ్_మాస్టారు
నాకు 63 ఏళ్లు. రాత్రిళ్లు మాటిమాటికీ లేవాల్సి వస్తోందని చూపించుకుంటే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందన్నారు. ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్‌ని కొలిచే పీఎస్ఏ పరీక్షలో 5.6 వచ్చింది. కొన్ని వారాలాగి మళ్లీ చేయిద్దాం అన్నారు యూరాలజిస్టు. ఈలోగా నేనే ఒక ల్యాబ్‌లో ప్యాకేజీ చేయించుకున్నాను. కొవ్వులు ఆక్సీకరణ చెందితే పుట్టే మాలోన్‌డైఆల్డిహైడ్ (ఎండీఏ) ఎక్కువ, టోటల్ యాంటీఆక్సిడెంట్ కెపాసిటీ తక్కువ, ఎస్ఓడీ అనే యాంటీఆక్సిడెంట్ ఎంజైము హద్దుకి కాస్త దిగువన ఉన్నాయట. కింద ఎర్ర అక్షరాల్లో "ఆక్సిడేటివ్ స్ట్రెస్ తీవ్రం" అని రాసి, రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ వాడమన్నారు. డాక్టరుగారు పీఎస్ఏ ఒక్కటీ చూసి ఆ రిపోర్టు మడిచి నా చేతికే ఇచ్చేశారు. అందులో నిజంగా పనికొచ్చేదేమీ లేదా? తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

భరద్వాజ_బయోకెమ్
మాస్టారూ, అలా మడిచి ఇచ్చేయడం తొందరపాటే అంటాను. ప్రోస్టేట్‌కీ ఆక్సీకరణ దెబ్బకీ (మీ రిపోర్టులోని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అదే) సంబంధం ఉందన్నది గాలి కబురేమీ కాదు. జీఎస్‌టీపీ1 అని ఒక జన్యువు ఉంది. ఆక్సీకరణ వల్ల పుట్టే విషపదార్థాలను గ్లూటాథయోన్ అనే పదార్థానికి జతచేసి బయటికి పంపే ఎంజైముని తయారుచేసేది అదే. ప్రోస్టేట్ క్యాన్సర్లలో 90 శాతానికి పైగా ఆ జన్యువు మిథైలేషన్ (డీఎన్ఏ మీద పడే రసాయన ముద్ర) వల్ల మూతపడి ఉంటుంది. అంటే కణం తన రక్షణ కవచాన్ని తొలిదశలోనే పోగొట్టుకుంటోంది. రోగుల రక్తాన్ని ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చిన అధ్యయనాలు చాలావాటిలో ఎండీఏ పెరిగి, యాంటీఆక్సిడెంట్ ఎంజైములు తగ్గి కనిపించాయి.

పోనీ పీఎస్ఏ అంత గొప్పదా? అది మామూలుగా హద్దు అనుకునే 4 దాటని మగవాళ్లలో కూడా బయాప్సీ చేసి చూస్తే సుమారు 15 శాతం మందిలో క్యాన్సర్ బయటపడిందని 2004లోనే తేలింది. దానికి తోడుగా ఇంకో సూచిక కావాలనడంలో తప్పేముంది?

ల్యాబ్_వెనకగది
రిపోర్టు చూసి భయపడేవాళ్లు ఆ పరీక్ష ఎలా చేస్తారో కూడా తెలుసుకుంటే బాగుంటుంది. చాలాచోట్ల ఎండీఏ అని రాసేది నిజానికి టీబార్స్ పద్ధతి. ప్లాస్మాలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్లలో ట్యూబులు పెట్టి ఉడికిస్తాం. గులాబీ రంగు వస్తుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉందో 532 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఇబ్బంది ఏమిటంటే ఆ ఆమ్లం ఎండీఏతో మాత్రమే కలవదు. చక్కెరలతోనూ, బిలిరుబిన్‌తోనూ కలిసి రంగు తెస్తుంది. ఉడికేటప్పుడే ట్యూబులో కొవ్వులు ఇంకాస్త ఆక్సీకరణ చెందుతాయి కూడా.

దానికి తోడు రక్తం తీసేటప్పుడు సూది సరిగ్గా పడక సిరంజితో గట్టిగా లాగారనుకోండి, ఎర్రకణాలు చిట్లుతాయి. సెంట్రిఫ్యూజ్ నుంచి తీసిన ప్లాస్మా గడ్డిరంగులో ఉండాల్సింది లేత ఎరుపుగా వస్తుంది. ఎస్ఓడీ, కాటలేజ్ అనే ఎంజైములు ఎర్రకణాల్లో దండిగా ఉంటాయి. అవి కూడా ప్లాస్మాలోకి వచ్చేస్తాయి. అలాంటి శాంపిల్ పారేసి మళ్లీ తీయాలి. అందరూ తీస్తారా అంటే నేనేమీ మాట్లాడను.

సగటుమనిషి
అయితే రక్తం తీసిన కుర్రాడి చెయ్యి వణికినా నా ప్రోస్టేట్ ఖాతాలోనే రాస్తారన్నమాట!

భరద్వాజ_బయోకెమ్
కొలిచే పద్ధతి నాసిరకమైతే కొలవాల్సిన విషయమే లేదని తేల్చేస్తారా? కొవ్వుల ఆక్సీకరణలోనే పుట్టే ఎఫ్2-ఐసోప్రొస్టేన్లు ఉన్నాయి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో కచ్చితంగా కొలవొచ్చు. డీఎన్ఏకి తగిలిన దెబ్బ తెలియాలంటే మూత్రంలో 8-ఓహెచ్‌డీజీ ఉంది. విమర్శించేవాళ్లు వీటి సంగతి ఎందుకు ఎత్తరు?

ల్యాబ్_వెనకగది
ఐసోప్రొస్టేన్లు మంచివే, ఒప్పుకుంటాను. కానీ ప్లాస్మాని మైనస్ 20 డిగ్రీల్లో దాస్తే అవి నిల్వలోనే పుట్టుకొస్తూ ఉంటాయి. మైనస్ 70 లేదా 80లో పెట్టాలి, తీసిన వెంటనే ఆక్సీకరణ ఆపే మందు కలపాలి. పరిశోధన ల్యాబుల్లో చేస్తారు. మాస్టారి ప్యాకేజీలో అది లేదుగా.

యూరో_పీజీ
ల్యాబ్ అన్నీ సరిగ్గానే చేసిందనుకుందాం. అయినా అసలు చిక్కు తీరదు. ఈ సూచికలన్నీ ఒళ్లంతటినుంచీ వచ్చేవి. పొగ తాగితే పెరుగుతాయి, షుగర్ ఉంటే పెరుగుతాయి, ఒళ్లు వచ్చినా, కిడ్నీలు దెబ్బతిన్నా, ఏ ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతాయి. వీధిలో పొగ వాసన వస్తోంది సరే, ఏ ఇంట్లోంచో ఎలా చెబుతాం? పీఎస్ఏకి ఎన్ని లోపాలున్నా అది దాదాపుగా ప్రోస్టేట్ నుంచే వస్తుంది. అందుకే లోపాలతో సహా దాన్ని భరిస్తున్నాం. టోటల్ యాంటీఆక్సిడెంట్ కెపాసిటీ అయితే మరీ విడ్డూరం. ప్లాస్మాలో ఆ అంకెలో పెద్ద వాటా యూరిక్ ఆమ్లానిది. యూరిక్ ఆమ్లం పెరిగినవాళ్లకి రిపోర్టు "బాగుంది" అని వస్తుంది!

భరద్వాజ గారు చెప్పిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం కొద్దిమంది రోగుల్ని, కొద్దిమంది ఆరోగ్యవంతుల్ని పక్కపక్కన పెట్టి పోల్చినవి. రెండు గుంపుల సగటులు వేరుగా ఉండటం నిజం. కానీ రెండు గుంపుల అంకెలూ ఒకదాని మీద ఒకటి బాగా పడుతుంటే, మాస్టారు ఏ గుంపువారో ఆయన అంకె చూసి చెప్పలేం. పైగా ఆ మార్పు వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల ఆ మార్పు వచ్చిందా అన్నది ఒక్కసారి తీసిన రక్తంతో తేలదు. జీఎస్‌టీపీ1 సంగతి నిజమే. అయితే అది కణజాలంలో చూసేది. బయాప్సీ ముక్కల్లో దాని మిథైలేషన్‌ని చూసే పరీక్ష వాడుకలో ఉంది కూడా. దాన్ని చూపించి రక్తంలో ఎండీఏని సమర్థించడం ఎలా కుదురుతుంది?

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ ఎర్ర అక్షరాల కింది సలహా. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ల మీద చేసిన ప్రయోగంలో విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గినట్టు 1990లలో కనిపించింది. అందరూ ఆశపడ్డారు. సెలెక్ట్ అనే ప్రయోగం 2001లో మొదలుపెట్టి 35,000 మందికి పైగా మగవాళ్లని చేర్చుకున్నారు. విటమిన్ ఇ రోజుకి 400 యూనిట్లు, సరిగ్గా మాస్టారి రిపోర్టులో రాసినంతే. 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో లెక్కలు చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గుంపులో 529 మందికి, విటమిన్ ఇ ఒక్కటే వేసుకున్న గుంపులో 620 మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది. 17 శాతం ఎక్కువ.

భరద్వాజ_బయోకెమ్
సెలెక్ట్ ప్రయోగం నా వాదనకే బలం. ఎవరి ఒంట్లో ఆక్సీకరణ ఎంత ఉందో చూడకుండా అందరికీ ఒకే మాత్ర ఇచ్చారు. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకి మేలు కనిపించింది, సెలెక్ట్‌లో ఎక్కువమంది పొగతాగనివాళ్లకి కీడు జరిగింది. తేడా ఎక్కడుందో కొలిస్తేనే కదా తెలిసేది?

యూరో_పీజీ
ఇది మంచి వాదన, కాదనను. మోతాదు కూడా వేరులెండి, ఫిన్లాండ్‌లో ఇచ్చింది 50 మిల్లీగ్రాములే. కానీ మీరు చెప్పిన దారిలో వెళ్లాలంటే, ముందు సూచిక చూసి మనుషుల్ని విడగొట్టి, ఆ తర్వాత మాత్ర ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించిన ప్రయోగం కావాలి. అది పరిశోధకుల పని. ఆ పని జరక్కముందే ఫలితం వచ్చేసినట్టు పేషెంటు చేతిలో మాత్ర పెట్టడం మీద నా అభ్యంతరం. క్యాన్సర్ కణం కూడా బతకడానికి యాంటీఆక్సిడెంట్లనే వాడుకుంటుందని మీకు నేను చెప్పాలా?

భరద్వాజ_బయోకెమ్
మాత్ర విషయంలో మీతో తగువు లేదు. కొలవడం మానేయాలంటే మాత్రం ఒప్పుకోను.

రిటైర్డ్_మాస్టారు
మీ తగువు మీరు తీర్చుకోండి గానీ, నా సంగతి చెప్పండి బాబూ. విటమిన్ ఇ సీసా మూత ఇంకా తియ్యలేదు.

యూరో_పీజీ
తియ్యకండి మాస్టారూ. పీఎస్ఏ రెండోసారి ఇచ్చే ముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకోండి. రెండు రోజులు సైకిల్ తొక్కకండి, వీర్యస్ఖలనం జరగకుండా ఉంటే మంచిది. ప్రోస్టేట్ పెరుగుదలకి ఇచ్చే ఫినాస్టరైడ్‌గానీ డ్యూటాస్టరైడ్‌గానీ వాడుతుంటే డాక్టరుకి తప్పక చెప్పండి. కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది, అసలు విలువ దాగిపోతుంది. ఇంకోటి, స్కానింగ్ రిపోర్టులో గ్రంథి సైజు ఎంత రాశారు?

రిటైర్డ్_మాస్టారు
ఆ మందులేవీ వాడటం లేదు. సైజు 58 మి.లీ. అని ఉంది.

యూరో_పీజీ
5.6ని 58తో భాగిస్తే 0.1 కంటే కాస్త తక్కువ. దీన్ని పీఎస్ఏ డెన్సిటీ అంటాం. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది. ఇదే పీఎస్ఏ 30 మి.లీ. గ్రంథిలో వచ్చి ఉంటే దాదాపు 0.19 అయ్యేది, అప్పుడు నేను వేరేలా మాట్లాడేవాణ్ని. అలాగని ఈ ఒక్క అంకె చూసుకుని రెండో పరీక్ష మానేయకండి. అప్పుడూ ఎక్కువే వస్తే ఎమ్మారై సంగతి మీ డాక్టరుగారినే అడగండి.