కోడ్ చెరిపి చూడాలా, చూసి చెరపాలా?

జయపురం డీజిల్: సాలూరు నుంచి సరుకు వేసుకుని సుంకి ఘాటీ ఎక్కుతుంటే నా బీఎస్6 బండికి చెక్ ఇంజిన్ లైటు వెలిగి పికప్ చచ్చిపోతోంది. ఊళ్లో ఖాళీగా తిరిగితే ఏ గొడవా లేదు. స్కానర్ పెడితే పీ0299 అనే లోపం కోడ్ వచ్చింది, టర్బో బూస్ట్ (ఇంజిన్‌లోకి టర్బో నెట్టే గాలి ఒత్తిడి) తక్కువట. "కోడ్ చెరిపేసి చూద్దాం, మళ్లీ వస్తే టర్బో మార్చేద్దాం" అంటున్నాడు మేస్త్రీ. చెరపనివ్వొద్దని మా బావమరిది. ఎవరి మాట వినాలి?

రాయగడ షెడ్డు: నేనైతే ముందు చెరుపుతాను. డిసెంబరులో సెమిలిగూడ చలికి బ్యాటరీ నీరసించి, సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోయిందంటే చాలు, 'యూ'తో మొదలయ్యే నెట్‌వర్క్ కోడ్లు, అంటే బండిలోని కంప్యూటర్ల మధ్య మాట తెగిందని చెప్పేవి, వరసకట్టేస్తాయి. అన్నిటి వెంటా పడితే సాయంత్రం దాకా ఆ ఒక్క బండే. చెరిపేస్తే ఉన్న జబ్బు తిరిగొస్తుంది, ఉత్తుత్తివి పోతాయి.

కోరాపుట్ వైరింగ్: అన్నా, బ్యాటరీ కోడ్ల వరకు మీ మాటే నాదీ. ఈ బండి కేసు వేరు. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, స్పీడు, లోడ్, కూలెంట్ వేడి ఎంతున్నాయో ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డులో దాచుకుంటుంది. కోడ్ చెరిపితే అదీ పోతుంది. లోడ్ 90 శాతం దాటినప్పుడు పడిందా, ఐడిల్‌లో పడిందా అన్నదాన్ని బట్టే ఎక్కడ వెతకాలో తేలుతుంది. తర్వాత ఘాటీలో మళ్లీ సరుకుతో ఆగిపోతే గానీ ఆ వివరం దొరకదు.

ఇంకో మాట. పీ0299 అంటే టర్బో పోయిందని కాదు. ఈసీయూ కోరినంత ప్రెజర్ సెన్సర్ దగ్గర కనబడలేదని, అంతే. మధ్యలో టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంది, రబ్బరు గొట్టాలు, క్లాంపులు, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్ ఉన్నాయి. జయపురం తమ్ముడూ, ఇంజిన్ ఆపి, చల్లారాక, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే గొట్టాన్ని అడుగు వైపు తడుము. లోపల కాస్త ఆయిల్ తడి మామూలే. కానీ బయట క్లాంపు పక్కన జిడ్డుకు దుమ్ము పట్టి నల్లగా గడ్డకట్టి ఉంటే అక్కడ వంచి చూడు. ఊళ్లో మూసుకుని ఉండే సన్నటి చీలిక బరువు మీద ప్రెజర్ పెరిగితే నోరు తెరుస్తుంది. అలాంటి గొట్టానికి కొత్త టర్బో వేసినా లైటు వెలగక మానదు. (బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పే మహానుభావుల గురించి ఇక్కడ మాట్లాడను.)

పర్లాకిమిడి ట్యాక్సీ: స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టుకి ఈఎల్ఎమ్327 అనే చిన్న బ్లూటూత్ స్కానర్ తగిలించి, ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసుకున్నాకే షెడ్డుకి వెళ్తాను నేను. చవక రకాలు కొన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించవు, కొనే ముందు అడగండి. కంపెనీ సొంత కోడ్లు, అంటే పీ1తో మొదలయ్యేవి, వీటికి సరిగ్గా అర్థం కావు.

రాయగడ షెడ్డు: ఫోటో తీసి చెరపమంటే సరే, అందులో తగువు లేదు. కానీ గొట్టాలు తడుముతూ గంట కూర్చుంటే ఆ గంటకి డబ్బులు ఎవరిస్తారు తమ్ముడూ? టర్బో మారిస్తే వేలల్లో బిల్లైనా కిక్కురుమనరు. క్లాంపు బిగించి 300 అడిగితే "ఏం చేశావని?" అంటారు.

కోరాపుట్ వైరింగ్: బానెట్ ఎత్తకముందే చెప్పెయ్యండి అన్నా, వెతికినందుకు ఇంత, పార్టుకి ఇంత అని. చీలిన గొట్టం చేతిలో పెట్టి చూపిస్తే నా దగ్గర ఇస్తున్నారు.

రాయగడ షెడ్డు: కంపెనీ బండ్లవాళ్లు ఇస్తారు. సంతకి కూరగాయలు వేసుకెళ్లే వాడి దగ్గర అడిగి చూడు, పక్క షెడ్డుకి పోతాడు. అక్కడ ఉత్తినే చెరిపేస్తారు మరి.