కోళ్లు పొర్లే మట్టిలో పురుగుమందు పొడి కలపాలా, వద్దా?

కోవూరు పెరడు:
మాకు పెరట్లో నాటు పెట్టలు ఏడెనిమిది, ఒక పుంజు ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు వానల సంగతి తెలిసిందే, నేలంతా బురద. పొర్లడానికి ఎండు దుమ్ము దొరక్క తులసికోటలో మట్టిని తోడేస్తున్నాయి. అందుకని రేకుల చావిడి కింద పాత ట్రాక్టర్ టైరు ఒకటి పడేసి, అందులో ఎర్రమట్టి, ఇసుక పోద్దామనుకుంటున్నాను. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. మా మామగారు పేలు పోవాలంటే మట్టిలో మందు పొడి కలపాల్సిందే అంటారు. పక్కింటి అక్క ఒట్టి కట్టెల బూడిద చాలంటుంది. కోళ్లు పెంచేవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఉదయగిరి రైతు:
మీ మామగారి మాటే సరైంది. పేలు పట్టిన పెట్ట గుడ్ల మీద కూర్చోదమ్మా, సగంలో లేచిపోతుంది. పొదిగే పెట్ట మేతకు కూడా సరిగ్గా దిగదు, ఇక పొర్లడం ఎక్కడిది? అప్పుడే దాని ఒంటి నిండా పేలు పడతాయి. పిల్లలు పుట్టీ పుట్టగానే వాటికీ ఎక్కుతాయి. మా నాన్న రోజుల నుంచి గమాక్సిన్ చల్లుతూనే ఉన్నాం. ఆ గుడ్లు తిన్నాం, కూర తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. బూడిదతో పేలు చావవు. కావాలంటే పెట్టను పట్టుకుని ఈకలు విప్పి చూడండి.

పొదిలి కోళ్లక్క:
అన్నా, పేల గురించి మీరు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మందు గురించి మాత్రం గట్టిగా కాదంటాను. మనం గమాక్సిన్ అని పిలిచే బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. దాని తర్వాత కోళ్లకు, కుక్కలకు అందరూ చల్లిన కార్బరిల్ పొడి కూడా 2018 ఆగస్టులో నిషేధంలోకి వెళ్లింది. బీహెచ్‌సీ లాంటివి కొవ్వులో నిలిచిపోతాయి. కోడి ఒంట్లో కొవ్వు ఎక్కడికి పోతుందన్నా? పచ్చసొనలోకే. అది పెట్టేది మన పిల్లలకే కదా.

నాకు అన్నిటికన్నా బాధ ఎక్కడంటే, పొర్లడం అంటే ఏంటో చూడకుండానే అందులో విషం కలిపేస్తున్నాం. ఒక మధ్యాహ్నం పని ఆపి పెట్టను గమనించండి. ముందు ముక్కుతో మట్టిని రొమ్ము కిందికి లాక్కుంటుంది. లాక్కుంటూనే నాలుగు పలుకులు మింగుతుంది. తర్వాత ఒక పక్కకు ఒరిగి, రెక్క విప్పి, కాళ్లతో దుమ్మును ఈకల మొదళ్లలోకి ఎగజిమ్ముకుంటుంది. తలను, మెడను నేలకేసి రాస్తుంది. కళ్లు సగం మూసుకుని కాసేపు కదలకుండా పడుకుంటుంది. చివర్లో లేచి గట్టిగా విదిలించుకుంటే దుమ్మంతా దాని ముఖం చుట్టూనే లేస్తుంది. ఈ తంతు దాదాపు అరగంట, రెండు రోజులకోసారి. ఆ అరగంటా అది ఆ మట్టినే పీలుస్తుంది, ఆ మట్టినే మింగుతుంది. అలాంటి చోట మందు పోస్తే ఎంత మోతాదు లోపలికి పోయిందో మనకెలా తెలుస్తుంది?

పైగా ఇది పేల కోసమే చేసే పని కాదు. తోక మొదట్లో నూనె తిత్తి ఉంటుంది, ఆ నూనెనే కోడి ఈకలకు రాసుకుంటుంది. పాతబడిన నూనె జిడ్డుగా పేరుకుంటే ఈకలు అతుక్కుపోతాయి. ఎండు దుమ్ము ఆ జిడ్డును పీల్చి రాలగొడుతుంది. ఒక్క పేను కూడా లేని కోడి సైతం పొర్లుతుంది. తీగల బోనుల్లో మట్టి అన్నదే ఎరగని కోళ్లు ఒట్టి తీగ మీద పొర్లినట్టు చేస్తాయి. ఆ జీవికి అంత అవసరం అది. శుభ్రమైన మట్టి ఇవ్వడం మన బాధ్యత.

ఉదయగిరి రైతు:
సరే అక్కా, నిషేధించిన మందు వద్దు. నేను ఒప్పుకుంటా. మరి పేలకు ఏం చేయమంటారు? ఒట్టి మట్టితో పోవని మీకూ తెలుసు. వరికి కొట్టిన ఫిప్రోనిల్ డబ్బాలో మిగిలితే నీళ్లలో కలిపి గూటికి కొట్టేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు.

కందుకూరు పశువైద్యం:
ఫిప్రోనిల్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో కోళ్ల షెడ్లలో ఎర్రనల్లి కోసం వాడిన మందులో ఫిప్రోనిల్ కలిసి, అది గుడ్లలోకి చేరింది. లక్షల గుడ్లు వెనక్కి తెప్పించారు. దయచేసి పొలం మందు గూటి దగ్గరికి తీసుకెళ్లకండి.

ముందు పట్టిందేమిటో తేల్చుకోండి. పేను కోడి ఒంటి మీదే బతుకుతుంది. పెట్టను వెల్లకిలా పట్టుకుని మలద్వారం చుట్టూ ఈకలు విప్పితే, ఈక మొదట్లో చక్కెర పలుకుల్లా తెల్లగా అంటుకున్న గుడ్లు కనిపిస్తాయి. ఎర్రనల్లి అలా కాదు. పగలు గూటి కర్రల సందుల్లో, వెదురు కణుపుల్లో దాక్కుని రాత్రిపూట వచ్చి రక్తం తాగుతుంది. దానికి కోడి ఒంటికి ఎంత మందు రాసినా లాభం లేదు. చీకటి పడ్డాక టార్చి వేసి ఆ సందుల్లో చూడండి. గూడు ఖాళీ చేసి, మరిగే నీళ్లు పోసి, సున్నం కొట్టి, పూర్తిగా ఆరాకే కోళ్లను ఎక్కించండి.

పేలకైతే కోళ్లకని తయారైన మందునే పశువైద్యుణ్ని అడిగి, ఒక్కో పక్షికి చేత్తో పట్టించాలి. మందుకు పేల గుడ్లు చావవు. అందుకే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ పట్టించాలి. చాలామంది ఒక్కసారికే ఆపేసి మందు పనిచేయలేదంటారు. ఆ కోళ్ల గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

నెల్లూరు మిల్లు వీధి:
ఇంత దూరం ఎందుకండీ? మన నెల్లూరులో రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద కావలసినంత దొరుకుతుంది. అదంతా సిలికానే కదా. ఆన్‌లైన్‌లో వందలు పోసి కొనే డయటోమేషియస్ మట్టీ, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచుల శిలాజాల పొడి, అదీ సిలికానే. పురుగు ఒంటి మీది మైనం పొరను పీల్చేసి ఎండబెట్టి చంపుతుంది. ఊక బూడిద టైరు నిండా పోసేయండి.

పొదిలి కోళ్లక్క:
తమ్ముడూ, ఇది నాకు మందు పొడి కన్నా ఎక్కువ టెన్షన్ పెట్టే మాట, ఎందుకంటే చాలామంది సహజమే కదా అని నమ్మేస్తారు. ఊక బూడిదలో చాలా వరకు సిలికానే ఉంటుంది, నిజమే. కానీ బాయిలర్‌లో బాగా వేడెక్కితే ఆ సిలికా స్ఫటికంగా మారుతుంది. రాతి పనివాళ్ల ఊపిరితిత్తులను తినేసేది స్ఫటిక సిలికా దుమ్మే. మన దగ్గరకొచ్చే బూడిద ఎంత వేడిలో కాలిందో చూసి చెప్పలేం. కోడికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులుంటాయి, పీల్చిన దుమ్ము లోతుగా పోతుంది. ఇంకోటి, ఆ ఎండబెట్టే గుణం పొడిగాలిలో పనిచేసినంతగా మన సముద్రపు తేమలో పనిచేయదు.

కట్టెల బూడిద కొంచెం కలిపితే నాకు అభ్యంతరం లేదు. జల్లించి, చల్లారాక, నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు మించకుండా. ప్లాస్టిక్ కవర్లు వేసి రాజేసిన పొయ్యి బూడిద వద్దే వద్దు. తడిస్తే మాత్రం మొత్తం తీసి పారేయాలి. బూడిద నీళ్లు క్షారం, చర్మాన్ని, కాళ్లను మండిస్తాయి. కోవూరు చెల్లీ, అందుకే నీ రేకుల చావిడి ఆలోచన నాకు నచ్చింది. మైపాడు సముద్రపు ఒడ్డు ఇసుక మాత్రం తేవద్దు, ఉప్పు కోళ్లకు పడదు.

కందుకూరు పశువైద్యం:
అక్క చెప్పినదానికి ఒకటి కలపాలి. కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగం 2012లో అచ్చయింది. కోళ్లకు ఇసుక పెట్టెలు పెట్టి, ఒకదాంట్లో డయటోమేషియస్ మట్టి, ఒకదాంట్లో కెయోలిన్ బంకమట్టి, ఒకదాంట్లో గంధకం కలిపారు. పొర్లిన కోళ్ల మీద వారంలో పేలు, నల్లులు 80 నుంచి 100 శాతం తగ్గాయి. మట్టి రకాలు రెండూ పొర్లని కోళ్లకు ఉపయోగపడలేదు, పెట్టె తీసేశాక పేలు మళ్లీ పెరిగాయి. గంధకం మాత్రం పొర్లని కోళ్ల మీద కూడా పనిచేసింది. కాబట్టి ఏదీ కలపకూడదని నేను అనలేను. పేలు గట్టిగా పట్టినప్పుడు కొద్ది వారాలు గంధకం కలపడం ఆలోచించదగ్గదే.

ఉదయగిరి రైతు:
అదీ మాట! గంధకం మా మిరప తోటలకు చల్లేదే.

పొదిలి కోళ్లక్క:
గంధకం కళ్లకు, ముక్కుకు మంట. నేనైతే పెట్టను. పెట్టేవాళ్లు కనీసం మందు లేని ఇంకో గుంట పక్కనే ఉంచండి, ఎక్కడ పొర్లాలో కోడినే ఎంచుకోనివ్వండి. ఇక పంటకు నీళ్లలో కలిపి కొట్టే గంధకంలో వేరే రసాయనాలు కలిసి ఉంటాయి, అది అసలు వాడకూడదు అన్నా.

కావలి మిద్దెతోట:
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది, గుర్తుందిగా? బయట దుమ్ము గుంటలోకి కాకులు, గోరింకలు కూడా దిగుతాయి, రెట్ట వేస్తాయి. టైరు చుట్టూ వల కట్టండి. పేలు పెట్టను బాధపెడతాయి, ఇది వస్తే గూడే ఖాళీ అయిపోతుంది.

కోవూరు పెరడు:
ఆ రోజులు మేం మరిచిపోలేదండీ, మా మండలమే. వల తప్పకుండా కడతాను. టైరులో జానెడు లోతు ఎర్రమట్టి, పెన్నా ఇసుక, కొంచెం జల్లించిన బూడిద వేస్తాను. మందు పొడి లేదు. పొదిగే పెట్ట ఒకటుంది, రేపు పగలు దాని ఈకలు విప్పి చూసి, పేల గుడ్లు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్తాను. పిల్లలు పుట్టాక అదే టైరులోకి వదలొచ్చా?

పొదిలి కోళ్లక్క:
వదలొచ్చు చెల్లీ, పిల్లలు చిన్నప్పటి నుంచే పొర్లడం మొదలుపెడతాయి. అయితే టైరు అంచు వాటికి ఎత్తు అవుతుంది. ఒక మూల ఇటుక పెట్టు.

ఉదయగిరి రైతు:
పొదిగే గంపలో మా వైపు వావిలాకు పరుస్తాం, అది కూడా వేయమ్మా. గంధకం సంగతి నేను మా డాక్టర్‌ను అడిగి ఇక్కడే చెబుతా, అక్కతో నా వాదన ఇంకా అయిపోలేదు.