గొర్రెల మందకు లామా కాపలా: మన ఎండల్లో కుదిరే పనేనా?

చంద్రగిరి మంద:
మాది చంద్రగిరి దగ్గర పల్లె. చిన్న మంద, అన్నీ నెల్లూరు జోడిపి. పోయిన నెలలో వీధికుక్కలు రాత్రిపూట దొడ్డిలో దూరి ఏడింటిని చంపాయి. తిన్నది ఒక్కదాన్నే, అదీ సగం. మిగిలినవాటికి వెనక తొడలు చీరేసి, చెవులు తెంపి వదిలేశాయి. రెండు పిల్లలైతే ఒంటి మీద గాటు కూడా లేకుండా చనిపోయాయి. బెదిరిన మంద ఒక మూలకు ఎగబడి తొక్కేసింది. అమెరికాలో గొర్రెల మధ్య ఒంటెకు చుట్టమైన లామా అనే బొచ్చు జంతువును ఒకదాన్ని వదిలితే కుక్కలు దగ్గరికి రావని వీడియోల్లో చూశాను. మన దగ్గర సాధ్యమేనా? కుక్కను పెంచడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. ఎగతాళి చేయకుండా చెప్పండి.

పలమనేరు పాడిరైతు:
ఎగతాళి దేనికి? ఇదేమీ కట్టుకథ కాదు. అమెరికాలో 1980ల నుంచి గొర్రెలవాళ్లు లామాలను కాపలాకు వాడుతున్నారు. అయోవా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు అలాంటి రైతులను అడిగితే ఎక్కువమంది నష్టం తగ్గిందనే చెప్పారు. కుక్క జాతి అంటేనే దానికి గిట్టదు. మెడ నిక్కించి చూస్తుంది, వింతగా కూత పెడుతుంది, ఎదురెళ్లి తరుముతుంది, కాలితో తంతుంది. గొర్రె మేసే గడ్డే మేస్తుంది కాబట్టి విడిగా వండిపెట్టే పని లేదు. పదిహేనేళ్లు బతుకుతుంది. మా వైపు తిరుపతి అంత ఎండ కూడా ఉండదు. ఎవరో ఒకరు మొదలుపెట్టకపోతే ఏ కొత్తదీ రాదు. జెర్సీ ఆవు మన ఊళ్లకు తనంతట తాను నడిచి వచ్చిందా?

తిరుపతి పశువైద్యుడు:
జెర్సీ కోసం ప్రభుత్వమే వీర్యం తెప్పించి ఊరూరా సూదులు వేయించింది. లామాకు ఆ దారి లేదు. విదేశం నుంచి బతికున్న పశువును తేవాలంటే 1898 నాటి పశు దిగుమతి చట్టం వర్తిస్తుంది. కేంద్రం అనుమతి, క్వారంటైన్, ఆపైన విమానం ఖర్చు. ఆ డబ్బుతో మంద మొత్తాన్ని కొత్తగా కొనుక్కోవచ్చు.

తెచ్చారే అనుకుందాం. అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో మూడు, నాలుగు వేల మీటర్ల ఎత్తున పుట్టి పెరిగిన జాతి. అక్కడి చలికి తగిన బొచ్చు. పెంపకందార్లు పాటించే లెక్క ఒకటుంది: ఫారెన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలపాలి. 150 దాటితే జాగ్రత్త పడాలి, 180 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. మే నెలలో 104 డిగ్రీల ఎండకు యాభై శాతం తేమ తోడైతే మధ్యాహ్నానికే 150 గీత దాటేశాం. బొచ్చు కత్తిరించి, నీడలో ఉంచి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ కూర్చోవాలి. కాపలాకు తెచ్చినదానికి మనం కాపలా కాయడం!

విత్తులు తీయని మగదాన్ని తెస్తే అది గొర్రెల మీదకే ఎక్కుతుంది. నూటయాభై కిలోల బరువు కింద గొర్రె నలిగి చస్తుంది. రెండు తెస్తే అవి రెండూ జతగా తిరుగుతాయి, మందను అంతగా పట్టించుకోవు. అందుకే విత్తులు తీసిన మగదో ఆడదో ఒక్కటే ఉండాలంటారు. ఆ ఒక్కదానికి జబ్బు చేస్తే చూసే అనుభవం నాకు లేదు, నాకు తెలిసిన డాక్టర్లలో ఎవరికీ లేదు.

పలమనేరు చల్లన అన్నారు, నిజమే. పక్కనే కౌండిన్య అడవి కూడా ఉంది. చిరుత వస్తే లామా చేయగలిగింది ఏమీ లేదు. దాని సొంత దేశంలోనే చిరుతలాంటి ప్యూమాలు దాన్ని తింటాయి.

కుప్పం కాపరి:
ముందు అడగాల్సింది ఎవరూ అడగలేదు. చంద్రగిరి తమ్ముడూ, ఎన్ని కుక్కలు వచ్చాయి? అమెరికాలో లామా తరిమేది అక్కడి అడవికుక్క లాంటి కొయోటీని. అది నక్క కంటే కొంచెం పెద్దది, ఎక్కువగా ఒంటరిగానో జతగానో వస్తుంది. మన ఊళ్లలో వచ్చేది కోళ్ల దుకాణాల వ్యర్థాలు మరిగిన గుంపు. గుంపు చుట్టుముడితే లామా కూడా గొర్రె కిందే లెక్క.

అసలు జంతువే కావాలంటే ఆడగాడిద చాలదా? కుక్కను చూస్తే పళ్లతో పట్టి, కాళ్లతో తొక్కుతుంది. ఎండ దానికి పుట్టినింటి వాతావరణం. వలస మందలతో మా పెద్దలు తీసుకెళ్లేవారు, సామానుకూ దారిలో పుట్టిన గొర్రెపిల్లలను మోయడానికీ. ఇప్పుడు దొరకడమే కష్టం. దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనలో 1.2 లక్షలకు పడిపోయాయి.

పలమనేరు పాడిరైతు:
గాడిద మాత్రం గుంపును ఆపుతుందా? పైగా కొన్ని గాడిదలు అప్పుడే పుట్టిన పిల్లలను కరిచి విసిరేస్తాయి. లామాకు పెట్టిన పరీక్ష గాడిదకూ పెట్టండి.

కుప్పం కాపరి:
ఒప్పుకుంటాను. ఈనే రోజుల్లో దాన్ని విడిగా కట్టాలి. గుంపును ఆపేది కంచె ఒక్కటే. గాడిద పగటి మేతకు, కంచె రాత్రికి.

చంద్రగిరి మంద:
అయిదు కుక్కలు వచ్చాయన్నా. మా దొడ్డికి తడికలు, పైన ముళ్లకంప. కింద మట్టి తవ్వి దూరాయి. పంచాయతీలో చెబితే, 2023 నాటి వీధికుక్కల నిబంధనల ప్రకారం వాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్లీ అక్కడే వదలాలన్నారు. పరిహారం అడిగితే అడవి జంతువు చంపితేనే వస్తుందట. చిరుత వచ్చినా బాగుండేదని మా నాన్న అంటున్నాడు.

తిరుపతి పశువైద్యుడు:
తవ్వి వచ్చాయంటే పని తేలికైంది. ఇనుప జాలీ ఆరడుగుల ఎత్తున వేయించండి. కింది అంచును నిలువుగా పాతేసి ఊరుకోవద్దు. ఒకటిన్నర, రెండు అడుగుల జాలీని బయటివైపు నేలమీద పరిచి, మేకులు కొట్టి మట్టి కప్పండి. కుక్క ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వుతుంది. గోళ్లకు జాలీ తగిలితే రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. దొడ్డి మూలలను గుండ్రంగా తిప్పించండి, మంద ఎగబడినా పిల్లలు ఇరుక్కోవు. కరిచిన గొర్రెలు బతికి ఉంటే రేబిస్ టీకాల కోర్సు మధ్యలో ఆపకండి.

పలమనేరు పాడిరైతు:
జాలీ మంచిదే, కాదనను. పగలు మేతకు వెళ్లినప్పుడు జాలీ వెంట రాదు కదా. ఎవరైనా లామా తెస్తే చూడటానికి నేను వస్తాను.

చంద్రగిరి మంద:
ముందు జాలీ వేయిస్తాను. కుప్పం అన్నా, ఆడగాడిద ఎక్కడైనా అమ్మకానికి ఉంటే చెప్పు. అమ్మ దానికి మాత్రం అడ్డు చెప్పలేదు.